ఆల్ప్రజోలం ఓవర్‌డోస్ నుంచి బయటపడ్డాక వణుకు, ఎక్కడికి తీసుకెళ్లాలి?

మా తమ్ముడికి 24 ఏళ్లు. శనివారం రాత్రి ఫ్రెండ్స్‌తో మందు తాగుతూ ఆల్ప్రజోలం 0.5 (ఆందోళన తగ్గడానికి ఇచ్చే, మత్తు కలిగించే మందు) మాత్రలు ఒక స్ట్రిప్ దాకా మింగేశాడు, పిలిస్తే పలకట్లేదని 108లో క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టి, షుగర్, ఈసీజీ చూసి రాత్రంతా మానిటర్ మీద ఉంచారు. ఫ్లుమజెనిల్ అనే విరుగుడు ఉందట గానీ రోజూ వాడేవాళ్లకి ఇస్తే ఫిట్స్ రావచ్చని ఇవ్వలేదు. అంతవరకు వాళ్లు బాగానే చూశారు. వాడు ఏడాదిగా రోజూ వేసుకుంటున్నాడని మాకు తెలిసింది అక్కడే.

ఆదివారం సాయంత్రం డిశ్చార్జ్ చేస్తూ మాత్రలు పూర్తిగా ఆపేయమన్నారు, మెల్లగా ఎలా తగ్గించాలో మాత్రం రాయలేదు. సోమవారం రాత్రి నుంచి చేతులు వణుకు, చెమటలు, నిద్ర అసలు లేదు, పల్స్ 118. వార్డుకి ఫోన్ చేస్తే ఓపీకి రమ్మన్నారు, ఓపీలో బీ కాంప్లెక్స్ రాసి పంపేశారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేస్తే ఆలస్యం చేయకుండా సైకియాట్రీ ఉన్న ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఇంట్లోనే ఫిట్స్ వస్తే ఏంటని అమ్మకి ఒకటే టెన్షన్.

మేం ఉండేది ఉప్పల్‌లో. ఇలా అలవాటైన మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే వచ్చే విత్‌డ్రాయల్ కేసుని ఈ రాత్రే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో అడ్మిట్ చేసుకుంటారా, లేక ముందు గాంధీ ఎమర్జెన్సీకే తీసుకెళ్లాలా?