అప్‌డేట్: గండమ్ బొమ్మ తుంటి కీలు బిగిసింది

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 1/144 స్కేలు (అసలు ఎత్తులో 144వ వంతు) ఆర్‌ఎక్స్-78-2 గండమ్ (జపాన్ యానిమేషన్ సిరీస్‌లోని రోబో) బొమ్మ ఒంటికాలిపై నిలవకపోవడానికి కారణం నాసిరకం ప్లాస్టిక్కా, కీళ్ల అరుగుదలా అని గత నెలలో ఇక్కడ అడిగాను. (పేరులోనే గండం ఉందని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు.)

మీరు సూచించినట్లు కాళ్లు విడదీసి చూడగా, ఎడమ తుంటి కీలులోని బంతిపై అచ్చు గీత (తయారీ అచ్చు వదిలిన గీత) ఇంకా చెక్కుచెదరకుండా ఉండగా, కుడి బంతి మాత్రం నున్నగా అరిగి మెరుస్తోంది. పాత యజమాని ఎప్పుడూ కుడికాలినే ఎత్తి నిలబెట్టి ఉంటారు. ఆ బంతిపై సూపర్‌గ్లూ పలుచగా పూసి, రాత్రంతా విడిగా ఆరనిచ్చి, మర్నాడు గూటిలో బిగించాను. తొందరపడి తడిగా ఉండగానే బిగిస్తే కీలు శాశ్వతంగా అతుక్కుపోతుంది.

ఇప్పుడు 12.5 సెంటీమీటర్ల ఈ బొమ్మ కుడికాలిపై నిలుస్తోంది, కాకపోతే వీపు సంచి బరువుకు వెనక్కి వాలకుండా నడుమును కొద్దిగా ముందుకు వంచాల్సి వస్తోంది. రెండు మడతల మోకాలు, పక్కకు ఒరిగే చీలమండ బాగున్నాయి. కాళ్లు ఎడంగా పెట్టినా పాదం నేలకు పూర్తిగా ఆనుతోంది. భుజకవచం అడ్డుపడడం వల్ల చెయ్యి పూర్తిగా పైకి లేవదు, అది రూపకల్పనలోని పరిమితే కనుక దాన్ని కదపదలచుకోలేదు.