మెడికల్ షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: 60 ఫీచర్ల జాబితా ఉంది, స్ట్రాటజీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టాక్‌రూమ్:

మాది మెడికల్ షాపులకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. ఆరుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, ఒక డిజైనర్, ప్రొడక్ట్ వైపు నేను. కస్టమర్లు ఎక్కువగా గుంటూరు, విజయవాడ, ఖమ్మం వైపు ఒకే కౌంటర్ ఉన్న షాపులు. నాలుగైదు బ్రాంచీలున్న చెయిన్లు కూడా కొన్ని ఉన్నాయి.

మేం రోడ్‌మ్యాప్ అంటున్నది 60 వరుసల ఎక్సెల్ షీట్. సేల్స్ వాళ్లకు బ్రాంచి ట్రాన్స్‌ఫర్ కావాలి, ఫౌండర్‌కు పేషెంట్ల ఆర్డరింగ్ యాప్ కావాలి, సపోర్ట్ వాళ్లు ముందు పర్చేజ్ ఎంట్రీ (కొన్న సరుకు బిల్లును కంప్యూటర్‌లో ఎక్కించడం) బాగుచేయమంటారు. ఎంతమందికి చేరుతుంది (రీచ్), ఎంత మేలు (ఇంపాక్ట్), ఎంత నమ్మకం (కాన్ఫిడెన్స్), ఎంత పని (ఎఫర్ట్) అని స్కోర్లు వేశాం. ఎవరి ఐటమ్‌కు వాళ్లు ఇంపాక్ట్ అత్యధికంగా 3 వేసుకున్నారు, లెక్క అక్కడితో సరి.

స్ట్రాటజీ డాక్యుమెంట్‌లో అసలు ఏముండాలి? ఎంత కాలానికి రాయాలి? మధ్యలో జీఎస్టీ మార్పుల్లాంటివి వచ్చి పడితే అది ఎలా నిలబడుతుంది?

బ్యాచ్‌నంబర్:

ఆ షీట్ మూసేయండి. ముందు మీ డేటాబేస్‌లోంచి మూడు లెక్కలు తీయండి.

ఒకటి, గత ఏడాది రెన్యూ చేయని షాపులు. మానేయడానికి ముందు 60 రోజుల్లో ఏ స్క్రీన్ వాడకం మొదట పడిపోయిందో చూడండి. రెండు, పర్చేజ్ బిల్లు మీద ఉన్న తేదీకీ అది ఎంట్రీ అయిన తేదీకీ మధ్య ఎన్ని రోజులు. మూడు, షాపు వారీగా, స్టాక్ మైనస్‌లోకి పోయిన సేల్స్ లైన్ల శాతం.

ఈ మూడోదాన్ని చాలామంది బగ్ అనుకుని వదిలేస్తారు. అసలు కథంతా అందులోనే ఉంటుంది. మందు షెల్ఫ్‌లో ఉంది, కౌంటర్‌లో అమ్మేశారు, కంప్యూటర్‌లో మాత్రం లేదు. అంటే స్టాకిస్టు (మందుల హోల్‌సేలర్) బిల్లు ఇంకా ఎక్కించలేదు. అలాంటి షాపులో ఎక్స్‌పైరీ అలర్ట్ తప్పు, రీఆర్డర్ లిస్టు తప్పు, లాభం లెక్క తప్పు. ఓనర్‌కు మీ సాఫ్ట్‌వేర్ బిల్లు కొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. రెండు వేలు తక్కువకు ఇంకొకరు వస్తే అటు వెళ్లిపోతారు.

ఎంట్రీ ఎందుకు వెనకబడుతుందంటే, ఒక స్టాకిస్టు బిల్లులో 30, 40 లైన్లు ఉండటం మామూలే. లైనుకు బ్యాచ్, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, పీటీఆర్ (షాపుకు పడే ధర), డిస్కౌంటు, ఫ్రీగా వచ్చిన సంఖ్య టైపు చేయాలి. సాయంత్రం కౌంటర్ రద్దీలో ఆ పని ఎవరు చేస్తారు?

మీ అంకెలు కూడా ఇదే చూపిస్తే డాక్యుమెంట్ సగం పేజీ చాలు. ఇలా ఉండొచ్చు:

"వచ్చే 12 నెలలు ఒకే కౌంటర్ ఉన్న షాపుల కోసమే పనిచేస్తాం. వాళ్లు మనల్ని వదిలేయడానికి ప్రధాన కారణం పర్చేజ్ ఎంట్రీ వెనకబడటం. స్టాకిస్టు బిల్లు షాపుకు వచ్చిన రోజే, టైపింగ్ లేకుండా స్టాక్‌లోకి చేరాలి. అది కుదిరేదాకా బ్రాంచి ట్రాన్స్‌ఫర్, ఆర్డరింగ్ యాప్, లాయల్టీ పాయింట్లు ముట్టుకోం."

చివరి వాక్యం రాయడానికి చేయి రాకపోతే స్ట్రాటజీ ఇంకా కుదరలేదన్నమాట. "కస్టమర్‌కు మంచి అనుభవం ఇస్తాం" లాంటివి రాయకండి. చెడ్డ అనుభవం ఇస్తామని ఏ కంపెనీ అనదు కదా, కాబట్టి అందులో మీరు తేల్చుకున్నదేమీ లేదు.

ఇక పని. ముందు స్టాకిస్టు పంపే సీఎస్‌వీ (పట్టిక రూపంలోని) ఫైలు ఇంపోర్ట్, ఆ తర్వాతే బిల్లు ఫొటో చదవడం. ఫొటోలో బ్యాచ్ నంబర్లు దెబ్బతింటాయి. సున్నాను ఓ అని, 8ని బీ అని చదువుతుంది. బ్యాచ్ తప్పితే ఎక్స్‌పైరీ రిటర్న్ స్టాకిస్టు దగ్గర ఆగిపోతుంది.

ఫైలు చదవడం తేలిక, ఐటమ్ మ్యాపింగ్ (స్టాకిస్టు రాసిన పేరును మీ జాబితాలోని మందుకు జత చేయడం) కష్టం. ఒక స్టాకిస్టు "డోలో 650 టాబ్" అని రాస్తాడు, ఇంకొకడు "డోలో-650 15స్" అంటాడు. ప్యాక్ 15 బదులు 10 అని మ్యాప్ అయితే, వంద స్ట్రిప్పులకు 500 మాత్రలు లెక్కలోంచి మాయం. అందుకే పేరుతో పాటు ప్యాక్, ఎమ్మార్పీ కూడా కలిస్తేనే ఆటోమేటిక్‌గా జత చేయండి, లేకపోతే షాపువాళ్లనే ఒకసారి అడగండి. ఒకే స్టాకిస్టు ఐటమ్‌ను మూడు షాపులు ఒకేలా ఖాయం చేశాక మిగతా షాపులకు పంచండి. 10+1 స్కీముంటే (పది కొంటే ఒకటి ఫ్రీ) స్టాక్ 11 పెరగాలి, పదింటికి కట్టిన మొత్తాన్ని 11తో భాగించాలి. ఇక్కడ తప్పితే మార్జిన్ రిపోర్టును ఓనర్ మళ్లీ తెరవడు.

కొలత: బిల్లు తేదీ నుంచి 24 గంటల్లో ఎంట్రీ అయిన పర్చేజ్ బిల్లుల శాతం. దానికి కాపలాగా మైనస్ స్టాక్ లైన్ల శాతం. మొదటిది పెరిగి రెండోది తగ్గకపోతే బిల్లులు ఎక్కుతున్నాయి కానీ వేరే ఐటమ్‌ల మీద ఎక్కుతున్నాయి.

రేట్‌టేబుల్:

పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను. నిబంధనల సంగతి అడిగారు కాబట్టి ఆ ముక్క చెబుతా.

అది స్ట్రాటజీలో భాగం కాదు, అద్దె లాంటిది. నెల మొదట్లోనే తీసి పక్కన పెట్టాలి. ఆరుగురిలో ఒకరిన్నర మంది సమయం దీనికీ, బగ్‌లకూ. మూడున్నర పర్చేజ్ ఎంట్రీకి. మిగిలిన ఒక్కరు చిన్న ప్రయోగాలకు. ఆ మూడున్నర మందిని ఫ్రంటెండ్, బ్యాకెండ్ అని విడదీయకుండా ఒకే టీమ్‌గా కూర్చోబెట్టండి.

అద్దె పెరగకుండా ఉండాలంటే డిజైన్ ముందే సరిగా ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, కొన్ని ప్రాణరక్షక మందులకు సున్నా అయింది. ఐటమ్ మాస్టర్‌లో (మందుల వివరాల పట్టికలో) పన్ను రేటు ఒకే కాలమ్‌గా పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె మార్చగానే, 20వ తేదీ బిల్లు మీద వచ్చిన సేల్స్ రిటర్న్ 5 శాతంతో లెక్కపడుతుంది. క్రెడిట్ నోట్‌లో (రిటర్న్‌కు ఇచ్చే పత్రంలో) అసలు బిల్లు రేటే ఉండాలి. కాబట్టి రేట్లకు "ఏ తేదీ నుంచి" అనే కాలమ్‌తో వేరే టేబుల్ ఉండాలి, ప్రతి బిల్లు లైనూ తన రేటును తనలోనే దాచుకోవాలి.

ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. 112 రూపాయల మందుకు 12 శాతంలో బేస్ (పన్ను తీసేసిన ధర) 100, 5 శాతంలో 106.67. ఆ తేడా కొనేవాళ్లకు వెళ్లాలని కంపెనీలు సవరించిన ధరల జాబితాలు ఇచ్చాయి. స్ట్రిప్ మీద పాత ఎమ్మార్పీ, బిల్లులో కొత్త ధర. బ్యాచ్ ఎమ్మార్పీని మూకుమ్మడిగా మార్చే వీలు లేని చోట ఒక్కో బ్యాచ్‌నూ చేత్తో దిద్దాల్సిందే.

షెడ్యూల్ హెచ్1 మందుల (ప్రిస్క్రిప్షన్ మీదే అమ్మి, విడిగా రాసి ఉంచాల్సినవి) రిజిస్టరూ ఈ కోవలోదే. డాక్టర్ పేరు, చిరునామా, పేషెంట్ పేరు, మందు, పరిమాణం, మూడేళ్లు భద్రం. ఇది లేకపోతే కస్టమర్ రాడు, ఉన్నంత మాత్రాన మిమ్మల్ని ఎంచుకోడు. ఇలాంటివాటికి స్కోర్లు వేయడం దండగ.

ఇంకొకటి: నెట్ పోయినా కౌంటర్ ఆగకూడదు. స్టాక్‌ను "47" అనే మొత్తంగా సింక్ చేయకండి. +11, -2 అని కదలికలుగా పంపండి. మొత్తాలు పంపితే రెండు కంప్యూటర్లలో చివర సింక్ అయినదే గెలుస్తుంది, మైనస్ స్టాక్‌ను మీరే తయారుచేస్తారు. అప్పుడు పైవారు చెప్పిన కాపలా కొలత కూడా చెడిపోతుంది.

కౌంటర్‌వెనక:

చెయిన్లను అంత తేలిగ్గా పక్కన పెట్టమనడం నాకు నచ్చలేదు. షాపుల సంఖ్య చూసి కాదు, ఆదాయం చూసి తేల్చండి. సపోర్ట్ ఖర్చు తీసేశాక మిగిలే డబ్బులో చెయిన్ల వాటా సగానికి దగ్గరగా ఉంటే పై డాక్యుమెంట్‌లో మొదటి వాక్యమే మారాలి.

కానీ అటు వెళ్తే ఖర్చు తెలిసి వెళ్లండి. బ్రాంచి ట్రాన్స్‌ఫర్ అంటే ఒక్క స్క్రీన్ అని సేల్స్ వాళ్లు అనుకుంటారు. ఒకే రాష్ట్రంలో ఒకే జీఎస్టీఐఎన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబర్) కింద ఉన్న బ్రాంచీల మధ్య సరుకు డెలివరీ చలాన్ మీద కదులుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ బ్రాంచికైతే రాష్ట్రాలు వేరు, జీఎస్టీఐఎన్‌లు వేరు. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ)తో ట్యాక్స్ ఇన్‌వాయిస్ కొట్టాలి. డ్రగ్ లైసెన్స్ ఏ షాపుకు ఆ షాపుదే కాబట్టి బిల్లు సిరీస్, బిల్లు మీద లైసెన్స్ నంబర్ కూడా వేర్వేరు. పైగా సెంట్రల్ పర్చేజ్, యూజర్ పర్మిషన్లు. మీ సైజు టీమ్ ఇదీ, పర్చేజ్ ఎంట్రీ ఒకేసారి మొదలుపెడితే ఏడాది చివర్లో రెండూ సగం సగం ఉంటాయి.

ఆర్డరింగ్ యాప్ గురించి: మందుల ఆన్‌లైన్ అమ్మకాలపై ముసాయిదా నిబంధనలు 2018లోనే వచ్చినా ఏళ్ల తరబడి ముసాయిదాగానే ఉండిపోయాయి. అంత అనిశ్చితి ఉన్నచోట చిన్న టీమ్ ముందుగా దూకడం నేనైతే చేయను. యాప్ పేమెంట్ల మీద కమీషన్ వస్తుందని ఫౌండర్ లెక్కేస్తుంటే, 2020 జనవరి నుంచి యూపీఐకి ఎండీఆర్ (పేమెంట్ మీద వ్యాపారి కట్టే రుసుము) సున్నా అని గుర్తుచేయండి.

స్టాక్‌రూమ్:

అందరికీ థాంక్స్. మైనస్ స్టాక్ లెక్క ఇవాళే తీయిస్తాను. ఫౌండర్‌కు "యాప్ వద్దు" అని చెప్పడం మాత్రం అంత తేలిక కాదు. దానికేమైనా దారి ఉందా?

బ్యాచ్‌నంబర్:

వద్దనకండి, షరతు పెట్టండి. "24 గంటల శాతం 70 దాటి రెండు నెలలు నిలబడితే యాప్ పని తెరుస్తాం." ఇది తప్పించుకునే మాట కాదు. స్టాక్ తప్పుగా ఉన్న షాపులో యాప్ పెడితే లేని మందుకు ఆర్డర్ తీసుకుంటుంది. యాప్‌కు కావలసిన పునాదినే మీరు ముందు వేస్తున్నారు. ఆయనకు ఆ వరసలోనే చెప్పండి.

ఆపే షరతు కూడా అదే రోజు రాసుకోండి. 20 షాపులు, వాళ్లకు ఎక్కువ సరుకు ఇచ్చే ఐదుగురు స్టాకిస్టులు, ఆరు వారాలు. అప్పటికీ 40 శాతం దాటకపోతే ఆగి కారణం విడదీయండి. ఫైలే రావడం లేదంటే అది స్టాకిస్టులతో మాట్లాడి తేల్చుకోవాల్సింది, కోడ్‌తో కాదు. ఫైలు వచ్చి మ్యాపింగ్ దగ్గర ఆగుతుంటే ఇంకో ఆరు వారాలు ఇవ్వొచ్చు.

ఆ 20 షాపులను సేల్స్ వాళ్లను ఎంచుకోనివ్వకండి. మంచి ఓనర్లనే తెస్తారు. మైనస్ స్టాక్ శాతం ప్రకారం షాపులను వరుసలో పెట్టి మధ్య భాగం నుంచి తీయండి. పై వరుసలో ఉన్న షాపులు కొన్ని పర్చేజ్ ఎంట్రీ అసలు చేయనే చేయవు, వాటితో ఏ ప్రయోగమూ తేలదు.