కృష్ణ పదార్థపు జాడకై బెలూన్లు: హైదరాబాదు ఉండగా అంటార్కిటికా ఎందుకు?

కావలి ఉపాధ్యాయుడు: శ్రీహరికోట రాకెట్లను మేడల మీద నుంచి చూసే మా పదో తరగతి పిల్లలు ఒక మంచి ప్రశ్న అడిగారు. కంటికి కనిపించకుండా గురుత్వాకర్షణ ద్వారానే ఉనికి తెలిసే కృష్ణ పదార్థపు (డార్క్ మ్యాటర్) ఆనవాళ్లు వెతికే గ్యాప్స్ పరికరాన్ని బెలూన్‌కు కట్టి అంటార్కిటికా మీద ఎగరేసేలా రూపొందించారు. హైదరాబాదులో టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) వారి బెలూన్ కేంద్రం ఉండగా అంత దూరం ఎందుకు? 35 కిలోమీటర్ల పైన గాలి ఎక్కడైనా పలచనే కదా?

ఒంగోలు భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: మాస్టారూ, అడ్డు వచ్చేది గాలి ఒక్కటే కాదు, భూమి అయస్కాంత క్షేత్రం కూడా. గ్యాప్స్ కృష్ణ పదార్థాన్ని నేరుగా పట్టదు. ఆ కణాలు ఒకదానినొకటి నిర్మూలించుకుంటే పుట్టవచ్చని భావిస్తున్న యాంటీడ్యూటెరాన్ల (ఒక యాంటీప్రోటాన్, ఒక యాంటీన్యూట్రాన్ కలిసిన ప్రతిపదార్థ కేంద్రకాల) కోసం, అందులోనూ నెమ్మదిగా వచ్చే వాటి కోసం చూస్తుంది. అంతరిక్షం నుంచి వచ్చే మామూలు కాస్మిక్ కిరణాల (వేగంగా కదిలే కణాల) తాకిడిలో పుట్టేవి దాదాపు అన్నీ వేగంగా పోతాయి కనుక, నెమ్మదైనది ఒక్కటి దొరికినా దానికి ఎంతో విలువ ఉంటుంది. అది సిలికాన్‌లో ఆగి, ఒక పరమాణువుకు చిక్కి, నిర్దిష్ట శక్తులు గల ఎక్స్‌-కిరణాలను వెలువరించి, చివరకు పయాన్లు అనే చిన్న కణాలుగా చెదిరిపోతుంది; ఆ గుర్తులన్నీ కలిస్తేనే నమ్ముతారు. అయితే విద్యుదావేశం గల కణం మన అక్షాంశాల దగ్గర నిట్టనిలువుగా లోపలికి రావాలంటే దాని దృఢత్వం (రిజిడిటీ, అంటే అయస్కాంత క్షేత్రానికి వంగకుండా ఉండే గుణం; ద్రవ్యవేగాన్ని ఆవేశంతో భాగిస్తే వచ్చే కొలత) సుమారు 17 గిగావోల్టులు ఉండాలి. గ్యాప్స్ వెతికే వాటికి 2 కూడా ఉండదు. ధ్రువాల దగ్గర మాత్రమే వాటికి దారి దొరుకుతుంది. పైగా అక్కడి వేసవిలో సూర్యుడు అస్తమించడు, గాలులు బెలూన్‌ను ఖండం చుట్టూ తిప్పుతాయి.

నెల్లూరు పరిశోధక విద్యార్థి: మేడమ్ చెప్పినదానికి ఒక హెచ్చరిక జోడిస్తాను. అంటార్కిటికా మీద ఎగిరిన ఏటిక్ బెలూన్ పరికరం 300 నుంచి 800 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల మధ్య ఎలక్ట్రాన్లు అనుకున్నదానికంటే ఎక్కువగా ఉన్నాయని 2008లో ప్రకటించినప్పుడు కృష్ణ పదార్థం దొరికిందన్న ఆశ బలంగా పుట్టింది. మరుసటి ఏడాది ఫెర్మీ ఉపగ్రహానికి అంతటి ఉబ్బు కనిపించలేదు. పైగా దగ్గరి పల్సార్లు (వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు) కూడా అలాంటి ఎలక్ట్రాన్లను పంపగలవు. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

కావలి ఉపాధ్యాయుడు: చాలా సంతోషం. అయితే హైదరాబాదు బెలూన్లు ఈ రంగానికి పనికిరావా?

ఒంగోలు భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: ఈ ప్రత్యేకమైన వెతుకులాటకు కావు, అంతే. కాంతికి విద్యుదావేశం లేదు కనుక అయస్కాంత క్షేత్రం దాన్ని తిప్పలేదు. టీఐఎఫ్ఆర్ వారు అక్కడి నుంచే 100 సెంటీమీటర్ల పరారుణ టెలిస్కోపును ఎగరేశారు. ఎక్స్‌-కిరణాల పరిశీలనకైతే మన అక్షాంశం ఇంకా అనుకూలం: గ్యాప్స్‌కు అడ్డు వచ్చే ఆ క్షేత్రమే అక్కరలేని ఆవేశ కణాలను ఆపి, పరికరంలో రొద తగ్గిస్తుంది.