ఇల్లాలా, వెలయాలా, సానా? హెలోయీజ్ వాక్యంలో ఒక ఖాళీ

అరసున్న:
పాత మాసపత్రికల కట్టలో ఎప్పుడో చదివిన వాక్యమొకటి కొన్నాళ్లుగా వదలడం లేదు. ఆబెలార్‌కి హెలోయీజ్ రాసిన మొదటి ఉత్తరంలోది. "చక్రవర్తికి ఇల్లాలిని అనిపించుకోవడం కంటే నీకు ఫలానా అనిపించుకోవడమే నాకు ప్రియం, గౌరవం కూడా." ఆ ఫలానా దగ్గరే ఆగిపోతున్నాను. వెలయాలు అని నా చెవి చెబుతోంది, ఉంపుడుగత్తె అని మా అక్క పందెం కాస్తోంది. అట్ట చిరిగిన సంచిక, వ్యాసం ఎవరిదో లేదు. ఎవరికైనా గుర్తుందా? కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: ఆబెలార్ 12వ శతాబ్దపు ఫ్రెంచి తర్కవేత్త, హెలోయీజ్ ఆయన శిష్యురాలు, ప్రియురాలు, తర్వాత భార్య. ఆఖరికి ఇద్దరూ సన్యసించారు, ఈ లాటిన్ ఉత్తరాలు ఆ తర్వాత రాసుకున్నవి.

గోదారిగట్టు:
వెలయాలే. అనుమానం దేనికి? ఆవిడ లాటిన్‌లో వాడిన మాటలు మెరెత్రిక్స్ (వెలయాలు), ఇంపెరాత్రిక్స్ (సామ్రాజ్ఞి). "తువా దీచి మెరెత్రిక్స్ క్వామ్ ఇల్లియుస్ ఇంపెరాత్రిక్స్." చివర త్రిక్స్, త్రిక్స్ అని మోగాలి. ఇల్లాలు, వెలయాలు అంటే మనకి ఆ మోత ఉచితంగా వచ్చేస్తుంది, రెండింటి చివరా ఒకే 'ఆలు'. చేతికందిన అంత్యప్రాసని జారవిడిచేవాడు అనువాదం జోలికే పోకూడదు. ఉంపుడుగత్తె అని పెట్టి చదవండి, వాక్యం కుంటుతుంది.

శకటరేఫం:
చెవికి బాగుంది గోదారిగట్టు గారూ, లెక్కకి రాదు. ఆ వాక్యం ఎలా మొదలైందో చూడండి. లోకమంతా ఏలే అగస్టస్ వచ్చి, పెళ్లి అనే గౌరవమిచ్చి, భూమండలం నీకే శాశ్వతమని రాసిచ్చినా సరే అంటోంది. అంత ఎత్తుకి ఎక్కించి చివర్లో 'ఇల్లాలు' అని దింపేస్తే ఇంపెరాత్రిక్స్ ఎక్కడికి పోయినట్టు? ఇక వెలయాలు. ఆ మాటలో ముందు కూచున్నదే వెల. కాస్త పైన ఆవిడే "నీలో నిన్ను తప్ప ఇంకేమీ వెతకలేదు, నీకున్నవాటిని కాదు, నిన్నే కోరాను" అని రాసింది. కట్నం కానుకలేవీ ఆశించలేదని కూడా. వెలే అడగని మనిషి చేత వెలయాలు అనిపిస్తారా?

అచ్చుతప్పు:
"వెలయాలివలనఁ గూరిమి గలుగదు" అని సుమతి శతకకారుడు ముందే తీర్పిచ్చేశాడు. హెలోయీజ్‌కి తెలుగు రాకపోవడం మంచిదైంది.

గోదారిగట్టు:
శకటరేఫం గారు ఆ వాక్యానికి పైన ఉన్నది చదివారు. నేను కింద ఉన్నది చదువుతాను. పేదవాడికంటే డబ్బున్నవాణ్ణి ఇష్టంగా చేసుకునే ఆడది తాను అమ్ముడుపోలేదని అనుకోనక్కర్లేదు అంటుంది. మొగుడిలో మొగుణ్ణి కాక ఆస్తిని కోరుకున్నదానికి చెల్లించాల్సింది కూలి, కృతజ్ఞత కాదు అంటుంది. కూలికి ఆవిడ వాడిన మాట 'మెర్చెస్'. అర్థమవుతోందా? మెరెత్రిక్స్ అని తన నెత్తిన పెట్టుకున్న మాటలోని 'మెర్'ని రెండు వాక్యాలు దాటకముందే తీసుకెళ్లి ఆస్తి చూసి పెళ్లాడిన ఇల్లాలి కొంగున ముడేసింది. ఆ ఎత్తు తెలుగులో పారాలంటే వెలయాలులో వెల గట్టిగా వినిపించాలి. మీరు తప్పనుకున్నదే ఇక్కడ పని చేస్తున్న అక్షరం.

అరసున్న:
మా అక్క అడుగుతోంది: ఉంపుడుగత్తె అనే మాట ఆ ఉత్తరంలో అసలు లేదా?

శకటరేఫం:
ఉంది, దానికి కాస్త ముందు. "భార్య అనే పేరు పవిత్రమూ గట్టిదీ అనిపించవచ్చు, నాకు మాత్రం ఎప్పుడూ తియ్యగా ఉన్నది అమీకా అనే మాట, నువ్వు కసురుకోనంటే, కొంకుబినా అనో స్కోర్తుమ్ అనో." చెలి, ఉంపుడుగత్తె, ఆ మూడోది. స్కోర్తుమ్‌కి అసలర్థం తోలు. దానికి సరైన తెలుగు మాట 'ల'తో మొదలవుతుంది, అడ్మిన్ గారు ఊరుకోరు కాబట్టి రాయను. మూడు మెట్లు దిగింది, మధ్యలో "నువ్వు కసురుకోనంటే" అని ఒక్క క్షణం ఆగింది. నన్నడిగితే ఉత్తరం మొత్తానికి ప్రాణం ఆ చిన్న ముక్కలో ఉంది. తర్వాత వచ్చే చక్రవర్తి వాక్యం కొటేషన్లలో అరిగిపోయింది, ఇది అరగలేదు.

పరదేశి:
లియాన్ నుంచి రాస్తున్నాను. మీ ఇద్దరికీ ఒక మూడో దారి చూపిస్తా. సాని. దొరసానిలో సాని, సానివాడలో సాని. స్వామిని అరిగి సాని అయిందంటారు. ఒకే మాట ఒక కాలంలో ఏలినామెకీ, ఇంకో కాలంలో ఆడిపాడినామెకీ చెల్లింది. "చక్రవర్తికి దొరసానిని అనిపించుకోవడం కంటే నీకు సానిని అనిపించుకోవడమే నాకు ప్రియం." త్రిక్స్, త్రిక్స్‌కి సాని, సాని. సింహాసనం పోలేదు, ప్రాసా పోలేదు. ఇంకా పాత రుచి కావాలంటే ఏలికసాని అని పెట్టుకోండి.

అచ్చుతప్పు:
లేచి నిలబడి చప్పట్లు.

గోదారిగట్టు:
కూర్చోండి. దొరసాని అనగానే మనవాళ్లకి బ్రిటిష్ కలెక్టరు పెళ్లాం గొడుగు వేసుకుని నడిచొస్తుంది, అగస్టస్ పెళ్లాం కాదు. సాని అంటే ఇప్పటి కుర్రాళ్లకి ఏ అర్థమూ తట్టదు. అయినా వెల ఏదండీ అందులో?

శకటరేఫం:
ఏలికసాని నాకు నచ్చింది. శాసనాల్లో గుడిసానులు ఉన్నారు, వాళ్లకి మర్యాదా ఉంది, మాన్యాలూ ఉన్నాయి. అలా చూస్తే సాని అనే మాటకి మెరెత్రిక్స్‌లో ఉన్న తిట్టు సరిపోదు. హెలోయీజ్ తిట్టునే కోరుకుంది. మర్యాద కోరుకోలేదు.

పరదేశి:
ఇంత వాదన మనకే కాదు లెండి. 13వ శతాబ్దంలో ఝాఁ ద మఁ అనే ఫ్రెంచి కవి ఈ ఉత్తరాల్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు, 'గులాబీ కావ్యం' (రొమాఁ ద లా రోజ్) అనే తన దీర్ఘ కావ్యంలో ఈ వాక్యాన్ని పద్యం కూడా చేశాడు. మెరెత్రిక్స్‌కి ఆయన పెట్టింది 'పుతాఁ', వీధిలో వాడే పచ్చి మాట. ఇంపెరాత్రిక్స్‌తో అది ప్రాస కలవదు. అందుకని ప్రాసని పక్కకి జరిపాడు: ఒక పాదం చివర 'అపెలే', ఇంకో పాదం చివర 'కొరొనే'. నీ ఫలానా అని పిలిపించుకోవడం, పట్టం కట్టించుకోవడం. నామవాచకాల మోత వదులుకుని క్రియల్లో మోగించాడు. గోదారిగట్టు గారి లెక్క ప్రకారం ఈయన కూడా అనువాదం జోలికి పోకూడనివాడే.

గోదారిగట్టు:
ఝాఁ ద మఁ ఆడవాళ్ల గురించి ఆ కావ్యంలో రాసిన మిగతా సంగతులు కూడా చెప్పండి మరి. ఆయన ఈ వాక్యాన్ని పెట్టింది అసూయతో రగిలే మొగుడొకడు పెళ్లిని తిట్టే చోట. హెలోయీజ్ ఎవర్నీ తిట్టడం లేదు.

సంశయాత్మ:
మీరంతా మెరెత్రిక్స్ చుట్టూ తిరుగుతున్నారు, పక్కనే ఉన్న 'దీచి'ని ఎవరూ పట్టించుకోలేదు. అనిపించుకోవడం. అరసున్న గారికి గుర్తున్న తెలుగు వాక్యంలో అది చక్కగా వచ్చింది, అందుకే ఆ అనువాదకుడి మీద నాకు గౌరవం. హెలోయీజ్ నేను ఫలానా 'అవుతాను' అనడం లేదు. ఆ వాక్యంలో 'దీచి', దానికి కాస్త ముందు 'నోమెన్', 'వొకాబులుమ్'. అనిపించుకోవడం, పేరు, మాట. ఆబెలార్ తన ఆత్మకథా లేఖలో పెళ్లి వద్దని ఆవిడ చేసిన వాదన అంతా తిరిగి చెప్తాడు (రాతబల్లకీ ఉయ్యాలకీ, కలానికీ కదురుకీ ఏం పొత్తు అని అడిగిందే, అక్కడ). దాని చివర కూడా ఇదే: భార్య అనిపించుకోవడం కంటే చెలి అనిపించుకోవడమే తనకి ప్రియమని. మళ్లీ 'దీచి'.

ఇప్పుడు ఆలోచించండి, ఈ పిల్ల ఎవరి శిష్యురాలు? పేర్ల మీదే జీవితమంతా కొట్లాడినవాడి శిష్యురాలు. జాతి నామాలు (మనిషి, గులాబీ లాంటి పేర్లు) ఉత్తి నోటి గాలి అన్న రోసెలిన్ దగ్గర ఆబెలార్ చదివాడు, ఆయనతో పడలేదు. అవి వస్తువులే అన్న షాంపో విలియమ్ దగ్గర పారిస్‌లో చదివి, క్లాసులోనే గురువు గారిని నిలదీసి మాట మార్పించాడు. ఆబెలార్ లెక్కలో పేరు గాలి కాదు, వస్తువూ కాదు, అర్థం మోసే మాట. లోకంలో ఒక్క గులాబీ మిగలకపోయినా "గులాబీ లేదు" అన్న వాక్యంలో గులాబీ అనే పేరుకి అర్థం ఉంటుంది అన్నది ఆయన ఉదాహరణే. అలాంటివాడికి ఉత్తరం రాస్తూ హెలోయీజ్ అంటున్నది ఇదీ: భార్య అనే పేరు ఉంది, దాని వెనక మనిషి లేడు. చెలి అనే పేరు ఎవరూ ఇవ్వలేదు, దాని వెనక ఉన్నది నేను. గురువు గారి తర్కం తీసుకెళ్లి గురువు గారి కాపురం మీదే పెట్టింది. కాబట్టి వెలయాలు, సాని, ఏది వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. 'అనిపించుకోవడం' మాత్రం తీసేయకండి.

అచ్చుతప్పు:
సంశయాత్మ అని పేరు పెట్టుకున్నవాళ్లు ఆబెలార్‌ని వెనకేసుకు రాక ఏం చేస్తారు. గీతలో సంశయాత్మ నశిస్తాడు. ఆయనేమో సంశయిస్తేనే విచారణకి వస్తాం, విచారిస్తేనే సత్యం అందుతుంది అన్నాడు. 158 ప్రశ్నలకి పెద్దల వాక్యాల్ని అవుననీ కాదనీ ఎదురెదురుగా పేర్చి, జవాబు చెప్పకుండా లేచి వెళ్లిపోయిన మహానుభావుడు.

గోదారిగట్టు:
మన గ్రూపుకి కులదైవం అన్నమాట.

మడతపేజీ:
ఆలస్యంగా వచ్చాను. వెల, ఇల్లాలు, అమ్ముడుపోవడం అని ఇంతసేపు మాట్లాడి గురజాడ పేరు ఎవరూ ఎత్తకపోవడం వింతగా ఉంది. కన్యాశుల్కంలో అమ్మకానికి పెట్టింది ఎవర్ని? సుబ్బిని, పెళ్లి పేరుతో. మధురవాణి పుట్టుక వెల చెప్పే కులంలో, ఆఖరికి సౌజన్యారావు పంతులు దగ్గర ఒక్క ముద్దు వెలగా అడిగి, ఆయన సరేనన్నాక తనే వద్దనుకుంటుంది. హెలోయీజ్ 1130ల్లో షాంపేన్‌లో కూచుని ఉత్తరంలో చేసిన వాదన, విజయనగరంలో ఆయన నాటకం నిండా పరిచాడు. ఈ ఉత్తరం గురజాడ చదివారని నేననడం లేదు. అవసరమూ లేదు. నేననేది ఒక్కటే, తెలుగువాడికి వెలయాలు అన్న మాట వినగానే మధురవాణి గుర్తొస్తే అది లాభం, నష్టం కాదు.

శకటరేఫం:
మధురవాణిని గురజాడ చాలావరకు వేశ్య అనీ సాని అనీ అనిపిస్తారు. వెలయాలు కావ్యాల మాట. పరదేశి గారి పక్షానికి ఒక ఓటు.

మడతపేజీ:
మాట ఏదైతేనేం, మనిషి అదే కదండీ.

సంశయాత్మ:
ఆ వాక్యం రోసెలిన్ వింటే ముద్దు పెట్టుకునేవాడు.

అడ్మిన్:
'ల'తో మొదలయ్యే మాట రాయనందుకు శకటరేఫం గారికి ధన్యవాదాలు. మిగతావాళ్లు కూడా పాటించగలరు.

పరదేశి:
ఇంకో అక్షరం సంగతి, ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. అదే ఉత్తరంలో "నాన్ ఎనిమ్ రెయీ ఎఫెక్తుస్, సెద్ ఎఫీచియెంతిస్ అఫెక్తుస్ ఇన్ క్రీమినె ఎస్త్." నేరం ఉన్నది పని ఫలితంలో కాదు, పని చేసినవాడి మనసులో. ఎఫెక్తుస్, అఫెక్తుస్. ఒక్క అచ్చు తేడా, మొత్తం నీతిశాస్త్రం అందులో ఉంది. ఆబెలార్ తర్వాత తన నీతి గ్రంథంలో పట్టుకున్నదీ ఈ దారే, పాపం పనిలో లేదు, మనసు ఒప్పుకోవడంలో ఉంది అని. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తేల్చగలవాళ్లు ఉంటే చెప్పండి. ఇంకోటి, ఈ ఉత్తరాల ప్రతి ఒకటి ఇటలీ కవి పెట్రార్క్ దగ్గర ఉండేది. ఆయన అంచుల్లో హెలోయీజ్‌ని పేరు పెట్టి పిలిచి, ఎంత తియ్యగా ఎంత లాలనగా నడుపుతున్నావమ్మా అన్నట్టు రాసుకున్నాడు. 200 ఏళ్ల తర్వాతి కవి, బతికున్న మనిషితో మాట్లాడినట్టు.

గోదారిగట్టు:
ఫలితం, చలితం. ఎఫెక్తుస్, అఫెక్తుస్‌కి నా ప్రయత్నం. చిత్తం చలించడం.

శకటరేఫం:
చలితం అంటే వణికినది. ఆవిడ మనసు వణకలేదు, స్థిరంగా ఉందనే ఆవిడ ఫిర్యాదు. పుచ్చుకోవడం లేదు.

గోదారిగట్టు:
ఈయన దేన్ని పుచ్చుకున్నాడు గనక.

సంశయాత్మ:
అక్షరాల మీదే పట్టుదల అయితే హెలోయీజ్ మూడో ఉత్తరం పైపలక, అంటే ఎవరికి ఎవరు రాస్తున్నారో చెప్పే సంబోధన, చూడండి. మొదటి ఉత్తరం పైన ప్రభువుకి, కాదు తండ్రికి, భర్తకి, కాదు సోదరుడికి అని మెట్టు మెట్టుకీ "కాదు కాదు" అంటూ దిగింది. రెండోదాని పైన "క్రీస్తు తర్వాత తనకి ఒక్కడే అయినవాడికి, క్రీస్తులో అతనికి ఒక్కతే అయినది." ఆయన జవాబుల్లో దైవభక్తి తప్ప ఇంకేం రాకపోయేసరికి మూడోదాని పైన నాలుగే మాటలు. కొన్ని ముద్రణల్లో "సువో స్పెచియాలితెర్, సువా సింగులారితెర్." సువో అంటే తనవాడికి, సువా అంటే అతనిది. కొన్నిటిలో మొదటి మాట సువో కాదు, దొమినో, అంటే ప్రభువుకి. స్పెచియెస్ అంటే తర్కంలో జాతి, సింగులారిస్ అంటే వ్యక్తి, అవి రెండూ ఆయన పాఠం చెప్పిన మాటలే. సువో అయితే రెండు సగాలూ ఆబెలార్‌వే. దొమినో అయితే ఆ ప్రభువు దేవుడని కొందరి పక్షం: జాతిగా దేవుడిదాన్ని, వ్యక్తిగా నీదాన్ని. ఒక్క మాట మారితే సన్యాసిని లోబడినట్టా, ఎదిరించినట్టా అన్నది తారుమారవుతుంది.

నా ఓటు దొమినోకి. దేవుడికి జాతిని ఇచ్చి మనిషికి తనని ఉంచుకోవడం ఆవిడకే చెల్లు.

శకటరేఫం:
సువో, సందేహం లేదు. సువో, సువా అని ఎదురెదురుగా నిలబెట్టడమే ఆవిడ ధోరణి. మొదటి రెండు పైపలకలూ అలాగే నడిచాయి. మీ దొమినోకి దేవుడే అర్థమని ఎవరు చెప్పారు? మొదటి ఉత్తరంలో "దొమినో సువో" అన్నప్పుడు ఆ ప్రభువు ఆబెలారేగా?

సంశయాత్మ:
అక్కడ 'సువో' పక్కన ఉంది కాబట్టి ఆబెలార్. ఇక్కడ లేదు కాబట్టి దేవుడు.

శకటరేఫం:
లేని మాటని ఆధారంగా చూపించడం నేను ఇదే చూడటం. పైపలకల మీద విడిగా ఒక చర్చ తెరవండి, అక్కడ తేల్చుకుందాం.