మూడో రోజు జ్వరానికే వైడాల్ టెస్టు పాజిటివ్ అంటే టైఫాయిడ్ అనుకోవాలా?

అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. సోమవారం నుంచి జ్వరం 102 దాకా వెళ్తోంది, ఒళ్లంతా నొప్పులు. దగ్గు, విరేచనాలు లేవు. మంచినీళ్లు, జావ తాగుతోంది. బుధవారం మా వీధి క్లినిక్‌లో వైడాల్ చేస్తే, అందులో చూసే రెండు యాంటీబాడీలు ‘ఓ’ 1:80, ‘హెచ్’ 1:160 వచ్చాయి. టైఫాయిడే అని ఏడు రోజుల సెఫ్‌ట్రియాక్సోన్ (యాంటీబయాటిక్) ఇంజెక్షన్లు రాశారు. ఇంకా మొదలుపెట్టలేదు. మలేరియా నెగెటివ్. తెల్లకణాలు 3,200, ప్లేట్‌లెట్లు 1.4 లక్షలు, రెండూ కాస్త తక్కువే. డెంగీ టెస్టు అసలు రాయనే లేదు, అదీ ఈ వానాకాలంలో!

నేను చదివినంతలో వైడాల్ చూసేది క్రిమిని కాదు, దాన్ని ఎదుర్కోడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి పెరగడానికి వారం దాకా పడుతుంది. పైగా టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ఈ మాత్రం టైటర్ (యాంటీబాడీల స్థాయి) రావచ్చట. అమ్మకు కొన్నేళ్ల కిందట టైఫాయిడ్ వచ్చింది కూడా. మరి ఈ అంకెలు ఇప్పటి జ్వరానివో, అప్పటివో ఎలా తెలుస్తుంది?

ఇక్కడ డాక్టర్లు, ల్యాబ్ వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంజెక్షన్‌కు ముందే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే టెస్టు) రక్తం ఇవ్వాలా? రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది కదా, షుగర్ మనిషిని అంతవరకు ఆపడం మంచిదా, లేక రక్తం ఇచ్చేసి మందు మొదలెట్టొచ్చా? డెంగీకి ఈ దశలో ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్‌ను చూసే టెస్టు) ఒక్కటి చాలా, ఐజీఎం (యాంటీబాడీ టెస్టు) కూడా కావాలా? ఇంకో మాట: ఆ డాక్టర్ గారు పెద్దాయన, మాకు ఎప్పటినుంచో తెలుసు. ఆయన నొచ్చుకోకుండా ఈ టెస్టులు రాయమని ఎలా అడగాలి?