కరెంటు పోయినా బోర్డు మీద దీపం ఆరడం లేదు: ఏరేటర్ కంట్రోలర్‌లో దొంగ వోల్టేజీ

ఉండి చెరువుగట్టు
మాకు ఉండి దగ్గర మూడు వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. నీటిలో ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గితే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు వాటంతట అవే తిరిగేలా ఆట్‌మెగా 328 చిప్పుతో కంట్రోలర్ చేసుకున్నాను. అది కరెంటు అడాప్టరు మీద నడుస్తుంది. అలారం అవసరమయ్యేదే కరెంటు లేనప్పుడు కాబట్టి సెన్సర్ బోర్డును 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టాను. రెండింటి మధ్య 9600 వేగంతో సీరియల్ తీగ ఉంది.

కరెంటు పోయినా కంట్రోలర్ మీద ఎర్ర ఎల్‌ఈడీ గుడ్డిగా వెలుగుతూనే ఉంటోంది. మీటరు పెడితే 5 వోల్టుల లైనులో 2.6 చూపించింది. కరెంటు తిరిగి వచ్చాక చిప్పు మేలుకోదు. మొన్న తెల్లవారుజామున, ఆక్సిజన్ అడుగంటే వేళకే ఇలా జరిగింది. రొయ్యలు పైకి తేలాక గానీ మాకు తెలియలేదు. ఇప్పటికి రెండు చిప్పులు పోయాయి. బజారులో అడిగితే వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే 5.1 వోల్టుల జీనర్ డయోడ్ వేయమన్నారు. వేశాను, మార్పు లేదు.

పాలకొల్లు టంకం
జీనర్ పాపం ఏం చేస్తుందండీ? మీ తీగలో ఉన్నదే 5 వోల్టులు. అది దాటితే కదా దానికి పని!

బ్యాటరీ మీద ఉన్న సెన్సర్ బోర్డు నుంచి సీరియల్ తీగ గుండా కరెంటు కంట్రోలర్‌లోకి కారుతోంది. దాని దారి చిప్పు లోపలే ఉంది. చాలా చిప్పుల్లో ప్రతి పిన్ను నుంచి సరఫరా లైనుకు ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. మురుగు కాలువ సముద్రంలో కలిసేచోట తూముకు ఒకవైపే తెరుచుకునే తలుపు ఉంటుంది చూడండి, అలాంటిది. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ మూసుకునే ఉంటుంది. ఆటు వచ్చి మట్టం దిగితే కాలువ నీరు తోసుకుపోతుంది. మీ సరఫరా సున్నాకు దిగడమే ఆ ఆటు. పైగా సీరియల్ తీగ ఊరికే ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గరే నిలబడుతుంది కాబట్టి, కరెంటు లేనంతసేపూ కారుతూనే ఉంటుంది.

కంట్రోలర్ పిన్నుకు ముందు 10 కిలో ఓముల రెసిస్టర్ పెట్టండి. (5 − 0.6) ÷ 10,000, అంటే 0.44 మిల్లీ ఆంపియర్లకు మించి పారదు. 9600 వేగానికి అది అడ్డు కాదు.

రావులపాలెం రిలే
నేనైతే పిన్ను నుంచి 5 వోల్టుల లైనుకు బయట ఒక షాట్కీ డయోడ్ (తక్కువ వోల్టేజీకే తెరుచుకునేది) కూడా వేస్తాను. లోపలి డయోడ్ మీద భారం తగ్గుతుంది.

పాలకొల్లు టంకం
భారం తగ్గుతుంది, నిజమే. కానీ దొంగకు రెండో తలుపు తీసినట్టే కదా! అది కరెంటు ఉన్నప్పుడు వచ్చే వోల్టేజీ ఉలికిపాట్లకు మందు. ఈ జబ్బుకు కాదు.

అమలాపురం మాస్టారు
10 కిలో ఓములతో పిన్ను బతుకుతుంది గానీ బోర్డు పూర్తిగా చావదు. ఆ 0.44 మిల్లీ ఆంపియర్లే కెపాసిటర్‌ను మెల్లగా నింపుతాయి. చిప్పు పెద్దగా తాగకపోతే లైను మళ్లీ ఒకటి రెండు వోల్టులకు ఎక్కుతుంది. అందుకే 5 వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య 1 కిలో ఓము వేయండి. కరెంటు ఉన్నప్పుడు 5 మిల్లీ ఆంపియర్లు వృథా అవుతాయి, అంతే. సరఫరా తగ్గితే చిప్పును ఆపి ఉంచే బ్రౌన్‌అవుట్ రీసెట్‌ను 4.3 వోల్టులకు పెట్టారా? చాలామంది దాన్ని ముట్టుకోరు. అది చిప్పు మధ్యలో వేలాడకుండా చూస్తుంది, కారడాన్ని మాత్రం ఆపదు.

చిప్పులు పోయింది లాచప్ వల్ల కావచ్చు. పిన్నులోకి కరెంటు తోస్తుండగా సరఫరా వస్తే ఒక్కోసారి సరఫరాకూ గ్రౌండుకూ లోపలే దారి పడుతుంది. అప్పుడు చిప్పు వేడెక్కి దాని మీద వేలు పెట్టలేం.

శాశ్వతంగా కావాలంటే మధ్యలో సీడీ 4050 అనే బఫర్ చిప్పు (సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపేది) పెట్టి కంట్రోలర్ సరఫరాకే కలపండి. దాని ఇన్‌పుట్‌లకు పైకి వెళ్లే డయోడ్ ఉండదు. 74హెచ్‌సీ రకం బఫర్ వాడితే మళ్లీ మొదటికే వస్తారు. దానికి ఆ డయోడ్ ఉంది. సన్న టంకం చేతనైతే 74ఎల్‌వీసీ 1జీ125 ఇంకా మేలు, సరఫరా లేనప్పుడు దాని అవుట్‌పుట్ కూడా ఏమీ లాగదు.

తణుకు తీగలు
నేను పీసీ 817 ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుగుతో దాటించేది) పెట్టి ఒక వారం తిట్టుకున్నాను. పుల్అప్, అంటే తీగను 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్, 10 కిలో ఓములు వేస్తే అక్షరాలన్నీ చెత్తగా వచ్చాయి. 1 కిలో ఓముకు మార్చాక కుదిరింది. దాని ఎల్‌ఈడీని సెన్సర్ 5 వోల్టులకూ సిగ్నల్ పిన్నుకూ మధ్య రెసిస్టర్‌తో కలిపితే సిగ్నల్ తిరగబడదు.

ఇంకొకటి: కంట్రోలర్ నుంచి సెన్సర్‌కు వెళ్లే తీగ కూడా ఉందా? దానికి సెన్సర్ వైపు పుల్అప్ ఉంటే అదీ దొంగదారే.

ఉండి చెరువుగట్టు
మాస్టారూ, 10 కిలో ఓములు, 1 కిలో ఓము రెండూ వేశాను. కరెంటు తీసి చూస్తే లైనులో 0.4 వోల్టులే ఉంది, ఎల్‌ఈడీ పూర్తిగా ఆరింది. మెయిన్ స్విచ్చి ఇరవైసార్లు వేసి తీశాను, ప్రతిసారీ లేచింది. తణుకు వారు చెప్పిన పుల్అప్ నిజంగానే ఉంది, తీసేశాను. పట్టుబడి అయ్యాక 4050 కూడా వేస్తాను.

అమలాపురం మాస్టారు
వేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. దానికి సరఫరా 16వ పిన్ను కాదు, 1వ పిన్ను. గ్రౌండు మామూలుగానే 8. వాడని ఇన్‌పుట్‌లన్నీ గ్రౌండుకు కట్టేయండి.

రావులపాలెం రిలే
16వ పిన్నుకు ఇచ్చి ఒక రోజంతా వెతికినవాడిని నేనే.