దర్శకుడు మారిపోయిన సిరీస్‌ను ఇప్పుడు చూడవచ్చా?

గ్రీకు దర్శకుడు యోర్గోస్ లాంతిమోస్ టీవీ కోసం ఒక డార్క్ కామెడీ తీయబోతున్నారని 2017లో చదివి ఎగిరి గంతేశాను. కిర్‌స్టెన్ డన్స్ట్ కథానాయిక, 1990ల నాటి ఫ్లోరిడా, గొలుసుకట్టు వ్యాపారం నిండా ముంచిన కుటుంబం. నాకు ఇంకేమి కావాలి! ఆయన సినిమా 'ది లాబ్‌స్టర్'లో హోటల్ ఉద్యోగిని కథానాయకుడి బూట్ల సైజు అడిగి, అర సైజులు లేవని ముఖంలో ఏ భావమూ లేకుండా చెబుతుంది. జోడీ దొరకని మనుషులను జంతువులుగా మార్చేసే ఆ కథలో, అతని వెంట ఉన్న కుక్కేమో ఒకప్పటి అతని సోదరుడు! సరిగ్గా ఆ పొడి నవ్వు కోసమే ఎదురుచూశాను.

తీరా ఆ సిరీస్ 'ఆన్ బికమింగ్ ఎ గాడ్ ఇన్ సెంట్రల్ ఫ్లోరిడా' పేరుతో 2019లో వచ్చేసరికి ఛానెల్ మారింది, దర్శకుడూ మారారు. అలిగి పక్కన పెట్టేశాను. చిన్నపిల్లల అలకే, ఒప్పుకుంటాను.

ఇప్పుడు మళ్లీ మనసు లాగుతోంది. చూసినవారు దయచేసి చెప్పండి. ఆ పది భాగాల్లో నేను ఆశించిన వింతదనం ఏమైనా మిగిలిందా, లేక మామూలు హాస్యమేనా? రెండో సీజన్ ప్రకటించి 2020లో రద్దు చేశారు కదా, మొదటిదైనా ఒక కొలిక్కి వస్తుందా, నడిమధ్యలో వదిలేస్తుందా? కథ మాత్రం బయటపెట్టకండి.